జేగంటా, రెండు దోమతెరలూ

పర్చూరు,
నవంబరు నెలాఖరు

చిరంజీవి అమ్మడికి,

పత్తి రెండో తీత నడుస్తోంది. కూలీలు దొరక్క మీ అత్త తెల్లారకముందే సెంటర్లో ఆటోల దగ్గర నిలబడి బతిమాలుతోంది. మిరప పూత మీద ఉంది. నల్లతామర భయం పూర్తిగా పోలేదు గానీ చేను ఇప్పటికి పచ్చగానే కనబడుతోంది.

నువ్వు పంపిన బొమ్మ మొదట ఫోన్లో చూశాను. చాలక, ఎదురింటి కుర్రాడి లాప్‌టాప్‌లో పెద్దది చేయించి చూశాను. మూడు రోజులు జవాబివ్వలేదని అలిగావట, మీ అమ్మ చెప్పింది. కోపం కాదే. ఫోన్ చేస్తే నా నోరు సంగతి నీకు తెలుసు, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగు చెబుతూ అరిచిన నోరు. ఉత్తరమైతే ఒక వాక్యం కొట్టేసి ఇంకోటి రాసుకోవచ్చు. ఇప్పటికి రెండు కాగితాలు చించాను.

ముందు నచ్చింది చెబుతాను. కింద ఎడమ మూల, బూడిదరంగు కాగితం మీద ఇంకో కాగితం అతికించి, ఆరకముందే పైది సగం పీకేశావే, అక్కడ నాకు చప్పుడు వినబడింది. మూడంగుళాల చోటు. మిగతా మూడడుగుల బొమ్మంతా కలిసి ఆ మూడంగుళాల నోరు నొక్కేసింది.

జపాను గుడి చప్పుళ్ళు అని పేరు పెట్టావు. నైరూప్య చిత్రం అన్నావు. మరి ఆ బంగారు రేకు గంటలేమిటి? ఆ గులాబీ పూరేకులేమిటి? నడిమధ్య ఆ ఎర్ర కమాను? అది తోరీ. షింటో మందిరాల ముందు నిలబెట్టేది. నువ్వు విన్నానంటున్న పెద్ద గంట బౌద్ధాలయానిది. పక్క వీధి వాళ్ళ సింహద్వారం ఊడబెరికి తెచ్చి మన ఇంటికి బిగించినట్టుంది. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. చప్పుడు పట్టుబడనప్పుడు చెయ్యి బొమ్మల వైపు పరిగెడుతుంది, అందరికీ జరిగేదే. గంట మోత ఎలా ఉందో తెలియకపోతే గంట బొమ్మ వేసేస్తాం.

మీ సారు ఒక సలహా ఇచ్చారని రాశావు. గుంటూరు ప్రకాశం వైపు పిల్లవి కదా, మిరపకాయలూ దూదీ అతికించు, లోకల్‌గా ఉంటుందని. ఆయన మంచివారే అయి ఉంటారు. కానీ ఆ మాట వినకు. ఎర్ర కమాను జపాను లేబులైతే మిరపకాయ మన లేబులు. లేబులు మీద లేబులు అతికిస్తే పార్శిల్ అవుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ పని నేను చేసి చెడ్డవాణ్ణి. నీకు రెండేళ్ళప్పుడు అనుకుంటాను, కోటప్పకొండ తిరునాళ్ళ మీద నాలుగడుగుల ప్లైవుడ్డు మీద కొలాజ్ చేశాను. సినిమా పోస్టర్ల ముక్కలు, రంగు కాగితాలు, ప్రభ అంచుకి వరసగా నిజం మిరపకాయలు, తేజ రకం, కళ్ళు తిరిగే ఎరుపు. మధ్యమధ్య తాలుకాయలు కూడా పెట్టాను. ఎండలో తెల్లబారిన ఆ పాలిపోయిన కాయలు నాకు ఎర్రకాయల కన్నా అందంగా కనిపిస్తాయి. స్కూల్లో పెడితే హెడ్‌మాస్టరు దగ్గర్నుంచి అటెండరు దాకా తుమ్ములే తుమ్ములు. అదీ పర్వాలేదు. రెండు నెలలకి ఎరుపంతా దిగిపోయి ఇటుకరంగు, ఆపైన మట్టిరంగు. వానాకాలం రాగానే బూజు. లోపల పురుగు. వెలుతురూ గాలీ తగిలితే మిరప ఎరుపు నిలవదన్న సంగతి యార్డులో హమాలీకి కూడా తెలుసు. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకున్నాయి మరి? ఏసీలో పెట్టిన కాయకి రేటు ఎందుకు పలుకుతుంది? రైతు కొడుకుని, నాకే తట్టలేదు. ఆ ప్లైవుడ్డు ఇప్పుడు కోళ్ళగూటికి తలుపు.

అయితే ఆ కాయల దగ్గరే నేను పట్టించుకోని ఒక సంగతి ఉంది. కల్లంలో కాయ ఎండిందో లేదో మీ తాత రంగు చూసి చెప్పేవాడు కాదు. ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపేవాడు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. పచ్చి ఉంటే మాట్లాడదు. ఆ గలగల అతి చిన్న చప్పుడు, పక్కవాడికి వినపడదు. నేను కాయ తొక్క తెచ్చి అతికించాను గానీ ఆ గలగలని బొమ్మలోకి ఎలా తేవాలని ఒక్కసారైనా అనుకోలేదు. నిన్ను అడుగుతున్నది అదే.

ఇప్పుడు నీ గంట సంగతికి వస్తాను. ఫోన్లో వీడియోలు పెట్టుకుని విన్నానన్నావు. ఫోన్ స్పీకరు చిన్నది, మంద్రం పలకలేదు. పెద్ద గంటకి ప్రాణమంతా ఆ మంద్రంలోనే ఉంటుంది. నువ్వు విన్నది గంట కాదు, గంట తొక్క. మంచి హెడ్‌ఫోన్లు ఎవరినైనా అడిగి తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క దెబ్బ మాత్రం మొదటినుంచి చివరిదాకా విను. ఇరవైసార్లు అదే దెబ్బ.

ఆ గంటని బొన్‌షో అంటారు. మన గుడిగంటకి లోపల నాలుక ఉంటుంది, తాడు లాగితే అది ఒంటిని కొడుతుంది. బొన్‌షోకి నాలుక లేదు. పక్కన అడ్డంగా తాళ్ళతో దూలం వేలాడదీసి, వెనక్కి లాగి వదిలితే అది బయటినుంచి వచ్చి తాకుతుంది. లోహం లోహాన్ని కొట్టిన కరకు ఉండదు, కర్ర కంచుని తాకిన మెత్తదనం. వాళ్ళు ఆ మోతని మూడుగా విడదీసి చెబుతారు. తాకిన క్షణం అతారి. ఆ వెంటనే పొంగి నిలబడే మోత ఒషి, పది సెకన్ల దాకా ఉంటుంది. ఆ తరవాత సన్నగిల్లుతూ పోయే తోక ఒకురి, పెద్ద గంటకైతే నిమిషం దాకా సాగుతుంది. ఒక్క దెబ్బకి ఇంత కథ ఉంది చూడు. నువ్వేమో గంట ఆకారం కత్తిరించి బంగారు రేకు అంటించావు.

క్యోటోలో మ్యోషిన్‌జీ ఆలయపు గంట మీద పోతపోసిన సంవత్సరం ఉంది, 698. ఏళ్ళు చెక్కి ఉన్న గంటల్లో అదే అక్కడ పాతది. నారాలో తోదైజీ గంట 752 నాటిది, ఇరవై ఆరు టన్నులు. క్యోటోలోనే చియోనిన్ గంట 1636లో పోశారు, సుమారు డెబ్బై టన్నులు. డిసెంబరు 31 రాత్రి దాన్ని మోగించడానికి పదిహేడుమంది సాధువులు కావాలి. పదహారుమంది తాళ్ళు లాగితే ఒకాయన దూలం తాడుకి వేలాడి దాదాపు వెల్లకిలా పడుకుంటాడు. ఆ రాత్రి దేశమంతా ఆలయాల్లో నూట ఎనిమిది దెబ్బలు. మన అష్టోత్తరం లెక్కే. ఇంకో సంగతి, యుద్ధకాలంలో లోహం కోసం వేలకొద్దీ గుడిగంటలు దింపి కరిగించేశారు. గంట లేని గంటమండపాలు మిగిలాయి. నాకెందుకో నీ బొమ్మకి ఆ ఖాళీ మండపం ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది. గంట అతికించి పీకేసిన జాగా. ఎడమ మూల నువ్వు తెలియకుండా చేసింది అదే కదా.

ఇప్పుడు అసలు మాట. బయటినుంచి కర్రతో కొట్టే కంచు మన ఊళ్ళో లేదా? గుర్తు తెచ్చుకో. ధనుర్మాసంలో మంచు దిగే వేళ శంఖం, జేగంటతో వచ్చే దాసరి. గుండ్రటి బల్లపరుపు కంచు, అంచున తాడు, చేతిలో చిన్న కొయ్య. నీకు ఆరేళ్ళప్పుడు భయపడి మీ అమ్మమ్మ చెంగులో దూరేదానివి. బొన్‌షోకి దగ్గర చుట్టం మన గుడిగంట కాదు, ఆ జేగంట. ఊరి చివర పత్తిచేల గట్టు మీద ఆయన కొట్టింది మన వాకిట్లోకి ఎలా వస్తుందో నేను చాలా ఏళ్ళు విన్నాను. తిన్నగా రాదు. ఉబ్బుతూ తగ్గుతూ, ఉబ్బుతూ తగ్గుతూ, ఊయల ఊగినట్టు వస్తుంది. కంచు మోత చూపించి అల్పుణ్ణి ఎత్తిపొడిచాడు వేమన. అంతటివాడితో తగువెందుకు గానీ, ఈ ఒక్క విషయంలో ఆయనతో నాకు పేచీ ఉంది. కంచు మోతలో ఆ ఊగిసలాట బంగారానికి ఏడు జన్మలెత్తినా రాదు.

ఆ ఊగిసలాట ఎందుకు వస్తుందో తెలుసుకో, ఎందుకంటే నీ బొమ్మకి తాళంచెవి అక్కడే ఉంది. ఏ గంటా చుట్టూ సరిసమానంగా ఉండదు. ఒకవైపు వెంట్రుకవాసి మందం, ఒకవైపు పలచన. అందుకని ఒకే స్వరం రెండుగా చీలి పలుకుతుంది, రెండింటికీ తేడా ఇంతే. సెకనుకి నూరుసార్లు కదిలే మోత, నూటొక్కసార్లు కదిలే మోత కలిశాయనుకో. సెకనుకి ఒకసారి రెండూ ఒకటై ఉబ్బుతాయి, ఒకసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుని తగ్గుతాయి. జపాను పోతవాళ్ళు ఈ ఊపుని లోపమనుకోరు. గంట బాగుందో లేదో తేల్చేటప్పుడు దాన్నీ చెవిపెట్టి వింటారు.

మొన్న రాత్రి కరెంటు పోయింది. మీ అత్త ఉతికిన దోమతెర, పాత దోమతెర రెండూ దండెం మీద ఒకదాని వెనక ఒకటి ఆరేసి ఉన్నాయి. వెనక ఎమర్జెన్సీ లైటు. పాతది కాస్త సాగింది కాబట్టి రెండింటి కన్నాలూ సరిగ్గా ఒకే కొలత కాదు. గాలికి కదిలితే ఆ తెరల మీద నల్లటి అలలు పుట్టాయి. పెద్ద పెద్ద చారలు, ఉబ్బుతూ తగ్గుతూ. ఏ ఒక్క తెరలోనూ ఆ చారలు లేవు, రెండూ కలిసినచోట మాత్రమే ఉన్నాయి. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. జేగంట కళ్ళకి కనబడితే ఇలాగే ఉంటుంది కదా అనుకున్నాను. దగ్గర దగ్గర గీతలు ఒక పలచ కాగితం మీద, వందకి నూటొక్కటి చొప్పున ఇంకో పలచ కాగితం మీద గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి జరుపు. చూస్తావు. బంగారు రేకు అక్కర్లేదు, గంట బొమ్మ అక్కర్లేదు.

చప్పుణ్ణి బొమ్మ చెయ్యడం కొత్తేమీ కాదు. మన రాగమాల చిత్రాలు చూశావు కదా, దక్కనులోనూ వేశారు. రాగానికి ఒక నాయికని, ఒక జింకని, ఒక మబ్బుని ఇచ్చారు. అందంగా ఉంటాయి, కానీ అవి రాగం చెప్పిన కథకి బొమ్మలు, రాగానికి కాదు. కాండిన్‌స్కీ 1911 జనవరిలో మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ కచేరీ విని వచ్చి వేసిన బొమ్మలో పియానో ఒక నల్లటి ముద్దగా మిగిలింది, చుట్టూ పసుపు పొంగిపోతోంది. పియానోని పూర్తిగా వదలలేకపోయాడు, అయినా చప్పుడే గెలిచింది. సంగీతంలో ఇంకా ముందుకెళ్ళినవాడు తొషిరో మయుజుమి. 1958లో నిర్వాణ సింఫొనీ రాస్తూ ఆలయ గంటల మోతలో ఏయే స్వరాలు దాగున్నాయో విడదీసి లెక్కగట్టి, వాటిని ఆర్కెస్ట్రా వాయిద్యాలకి పంచాడు. ఫిడేళ్ళూ బాకాలూ కలిసి గంటై మోగుతాయి. అది వెతికి విను. మన గుడివాడలో పుట్టి చికాగోలో స్థిరపడిన ఎస్.వి. రామారావు గారి నైరూప్య చిత్రాలు కూడా తీరిగ్గా చూడు, అక్కడ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కనిపెట్టు.

ఇక కాగితం గురించి. నీకు ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి కాస్త విసిగిస్తాను.

కత్తెర అంచు వేరు, చింపిన అంచు వేరు. కత్తెర అంచు దెబ్బ. చింపిన అంచు మోత. నీ బొమ్మలో అన్నీ కత్తెర అంచులే, అందుకే అన్నీ దెబ్బలే, మోత లేదు. న్యూస్‌పేపరు తీసుకుని నిలువునా చింపు, అడ్డంగా చింపు. ఒకవైపు గీత గీసినట్టు తిన్నగా వస్తుంది, రెండోవైపు వంకర్లు పోతుంది. కాగితానికి కూడా పత్తికట్టెలా నార వాలు ఉంటుంది. జపాను వాషీ కాగితం కోజో అనే చెట్టు బెరడుతో చేస్తారు, పొడుగు నార. దాన్ని వాళ్ళు చింపే పద్ధతి చూడు. కుంచెతో నీటిగీత గీసి, తడి పీల్చుకోగానే రెండువైపులా మెల్లగా లాగుతారు. అంచున నూగు లేస్తుంది. ఆ నూగుని కింది కాగితం మీద ఒత్తితే ఎక్కడ ఒక కాగితం అయిపోయిందో, ఎక్కడ రెండోది మొదలైందో చెప్పలేవు. ఒకురి అంటే అదే కదా, మోత ఎక్కడ ఆగిందో చెప్పలేకపోవడం.

వాషీ షీట్ల ధర చూసి గుండె పట్టుకున్నానన్నావు. వద్దు, కొనకు. పాత నూలు పంచెలు, దుప్పట్లు అంగుళం ముక్కలుగా కత్తిరించి, వారం నానబెట్టి, రోట్లో దంచి గుజ్జు చేసి, తొట్టిలో నీళ్ళలో కలిపి, చట్రానికి బిగించిన సన్న జాలీతో తేల్చి తీస్తే పత్తి కాగితం వస్తుంది. పైన దూది అతికించమన్నారు మీ సారు. దూది అతికిస్తే మబ్బులా ఉంటుంది, నర్సరీ స్కూలు చార్టు. పత్తి ఉండాల్సింది బొమ్మ మీద కాదు, బొమ్మ ఒంట్లో. నేను ఆరు షీట్లు తీశాను, రెండు బాగా వచ్చాయి, నీకు పంపుతున్నాను. ఒకదాంట్లో మీ తాత పంచె ఎర్రంచు పోగు ఉండిపోయింది. తీసెయ్యకు.

కొలాజ్ అంటే పికాసో, బ్రాక్ 1912లో కనిపెట్టారని పరీక్షలో రాస్తారు. రాయి, మార్కులు పోగొట్టుకోకు. కానీ పన్నెండో శతాబ్దం మొదట్లోనే క్యోటోలో ముప్పైఆరుగురు కవుల పద్యాల ప్రతి ఒకటి తయారైంది, ఇప్పుడు నిషి హొంగాన్‌జీలో ఉంది. చింపిన రంగు కాగితాలని, కత్తిరించిన కాగితాలని అతికి, ఆ అతుకుల మీదుగా పద్యాలు రాశారు. అతుకు దగ్గర కలం ఆగలేదు. ఎప్పుడైనా దాని ఫొటోలు చూస్తే నీ బంగారు రేకు మీద నీకే మొహమాటం వేస్తుంది. అంత దూరం ఎందుకు, పాత సినిమా హాళ్ళ పక్క గోడలు చూడు. పోస్టరు మీద పోస్టరు, పదేళ్ళ పోస్టర్లు, వానకి ఉబ్బి, మేకలు జిగురు కోసం పీకి తిన్న గోడలు. పారిస్‌లో రేమో హేన్స్, జాక్ విల్లెగ్లే 1949 నుంచి అలాంటి చిరిగిన పోస్టర్లనే గోడల మీద నుంచి ఊడదీసి కాన్వాసు మీద పెట్టారు. మన దగ్గర మేకలు చేశాయి, సంతకం పెట్టలేదు.

అతికించడం ఎంతో పీకడం అంత. నీకు పీకడం వచ్చు, ఎడమ మూల సాక్ష్యం ఉంది. అది పెంచు.

జిగురు. ఫెవికాల్ వాడినట్టున్నావు, ఫొటోలోనే మెరుస్తోంది. పలచ కాగితానికి పిండి జిగురే మేలు. జపానులో బొమ్మచుట్టలు అతికేవాళ్ళు గోధుమపిండి గంజిని కుండల్లో పోసి పదేళ్ళు మాగబెట్టి వాడతారు, మనం మాగాయ పెట్టినట్టు. మెత్తగా పట్టుకుంటుంది, కావాలంటే వందేళ్ళకి తడిపి విడదీయొచ్చు. నీకు పదేళ్ళు లేవు, ఫిబ్రవరిలో ఎగ్జిబిషనంటున్నావు. మైదా పలచగా ఉడికించి వడకట్టు చాలు. వెనక అట్టకి పూసే జిగురులో మాత్రం చిటికెడు మైలుతుత్తం కలుపు, బైండింగు వాళ్ళు కలిపినట్టు, పురుగు పట్టదు. ముందు కాగితాలకి కలపకు, నీలం దిగుతుంది.

చూపు మీద ఎక్కువ ఆధారపడుతున్నావని ఒక అనుమానం. శాంతినికేతన్ వినోద్ బిహారీ ముఖర్జీ పేరు విన్నావు కదా. 1937లో జపాను వెళ్ళి వచ్చాడు. యాభయ్యో దశకంలో కంటి ఆపరేషను వికటించి చూపు మొత్తం పోయింది. ఆ తరవాత చేత్తో తడుముతూ రంగు కాగితాలు కత్తిరించి అతికి బొమ్మలు చేశాడు. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ ఆయన మీద తీసిన చిన్న సినిమా ఉంది, 1972 నాటిది. చూసి, ఒక రాత్రి లైట్లార్పి కాగితాలు చేత్తో ఎంచు. నున్నటిదేదో గరుకుదేదో వేళ్ళకి తెలుస్తుంది. చప్పుడుకి దగ్గరగా ఉండేది కన్ను కాదు, వేళ్ళు.

నువ్వు అడిగిన పెద్ద ప్రశ్నకి వస్తున్నాను. జపాను వెళ్ళనిదాన్ని, అక్కడి చప్పుళ్ళ మీద బొమ్మ చేసే హక్కు నాకుందా అని. హక్కుల సంగతి లాయర్లు చూసుకుంటారు. తుమ్మపూడి మన దుగ్గిరాల పక్కన చిన్న ఊరు. అక్కడ పుట్టిన సంజీవదేవ్ గారు హిమాలయాలు తిరిగి, కులూలో చిత్రకారుడు రోరిక్ దగ్గర ఉండి, మళ్ళీ ఆ ఊరికే వచ్చి ఆ అరుగు మీదనుంచి ప్రపంచంలో ఉన్న కళాకారులందరితో ఉత్తరాలు నడిపారు. ఆయన పుస్తకం రసరేఖ చదువు. నేను ఆయన్ని కలవలేదు. కుర్రతనంలో సైకిలు మీద రెండుసార్లు ఊరి దాకా వెళ్ళి, ఏం మాట్లాడతాంలే అని వెనక్కి తిరిగాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. నువ్వు అలా తిరక్కు.

పైగా జపాను అనుకున్నంత పరాయిది కాదు మనకి. వాళ్ళ ఎనిమిది బౌద్ధ శాఖలూ మూలగురువుగా తలుచుకునేది ఆచార్య నాగార్జునుణ్ణి. మన నాగార్జునకొండకి ఆయన పేరే. లోయ సాగరంలో మునిగేముందు, 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన కట్టడాల్లో కొన్నిటిని అనుపులో మళ్ళీ నిలబెట్టారు. అక్కడ మెట్లమెట్లుగా ఒక రంగస్థలం ఉంది, దాని పక్కనే హారీతి గుడి. పిల్లల్ని కాచే తల్లి హారీతి. ఆ తల్లికే జపానులో కిషిమొజిన్ అని పేరు, ఇవాళ్టికీ పూజలున్నాయి. నిరుడు నేను అనుపు వెళ్ళినప్పుడు ఆ మెట్ల నడుమ నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. మెట్టుమెట్టుకీ తాకి చప్పుడు చిన్న చిన్న ముక్కలై తిరిగొచ్చింది. అదే ఒక కొలాజ్. కాపలా అతను నన్ను అదోలా చూశాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం వెళదాం.

షిషి ఒదోషి అనే వెదురు గొట్టం వీడియో కూడా పంపావు. నీళ్ళు నిండి, వంగి, ఖాళీ అయి, వెనక్కి పడి రాతిని టకీమని కొట్టేది. ఎంత ప్రశాంతంగా ఉందో అన్నావు. ప్రశాంతత కోసం పెట్టింది కాదే అది. చేలల్లోకి జింకలూ అడవిపందులూ రాకుండా బెదరగొట్టడానికి రైతులు పెట్టుకున్నది, తరవాత తోటల్లోకి, గుళ్ళలోకి వచ్చింది. మన జొన్నచేలో మంచె మీద కూర్చుని డబ్బా కొట్టడం, వడిసెల విసరడం లాంటి పనే. ఆ టకీమనే చప్పుడులో భక్తి ఎంతుందో పంట కాపలా అంత ఉంది. నీ బొమ్మలో అది ముద్దుగా కనబడుతోంది. కాస్త ఉలిక్కిపడేలా ఉండాలి. బొమ్మంతటికీ ఒకే ఒక్కచోట నల్ల కత్తెర అంచు పెట్టు, మిగతావన్నీ చింపుళ్ళు చెయ్యి. ఉలికిపాటు అదే వస్తుంది.

ఖాళీ వదలడం గురించి కూడా అడిగావు. ఆ ఖాళీకి వాళ్ళు 'మా' అంటారు. జపాను కళ మీద రాసే ప్రతివాడూ ఆ మాటతో మొదలెడతాడు, నువ్వు మాత్రం ఎగ్జిబిషను నోట్‌లో ఆ మాట రాయకు. ఖాళీ ఎంత వదలాలంటే నాకు తెలిసిన కొలత మంగళగిరిది. పానకాలస్వామి నోట్లో పూజారి శంఖంతో పానకం పోస్తుంటే గుటకల చప్పుడు వినబడుతుంది కదా. స్వామి సగం పుచ్చుకుని సగం మనకి వదులుతాడు. ఆ గుటక ఆగినప్పుడు కొండమీద జనమంతా ఒక్క క్షణం ఊపిరి పట్టి ఉంటారు, నువ్వూ చూశావు. ఎవరూ చప్పుడు చెయ్యరు. సగం చాలు. నీ మూడడుగుల్లో ఒకటిన్నర అడుగు పత్తి కాగితం అలాగే వదిలెయ్యి. చెయ్యి దురద పెడుతుంది, ఓర్చుకో.

పాతది పారెయ్యకు. గంటలూ కమానూ పూరేకులూ మెల్లగా తడిపి పీకు. పీకినచోట ఏం మిగిలిందో ఫొటో తీసి పంపు, ఆ మరకల్లోంచే మొదలెడదాం.

డిసెంబరు 31న ఎక్కడికీ పార్టీలకి వెళ్ళకపోతే ఒక పని చెయ్యి. జపానులో అర్ధరాత్రి అంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర. ఆ వేళకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏదైనా ఆలయం నుంచి నేరుగా వచ్చే గంటలు విను. లెక్కపెట్టకు. పన్నెండింటి బస్సెక్కితే తెల్లవారేసరికి చిలకలూరిపేటలో దిగుతావు, నేను బండి వేసుకుని వస్తాను. ఆ పొద్దు దాసరి మన వీధిలోకి వచ్చే వేళకి ఇంట్లో ఉంటాం. ముసలాయనకి ఈమధ్య చెయ్యి వణుకుతోంది, దెబ్బ దెబ్బకీ మధ్య ఎడం ఎక్కువవుతోంది. నాకైతే ముందుకన్నా ఇప్పుడే బాగుంది.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య

తా.క. పార్శిల్లో రెండు పత్తి కాగితాలు, పాత దోమతెర సగం ముక్క (మీ అత్తకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు), నీలం పొట్లంలో మైలుతుత్తం ఉన్నాయి. అది విషం. హాస్టల్లో టీ పంచదార డబ్బా పక్కన పెట్టకు.